బోర్లా పెట్టిన పలక

ఫిబ్రవరి నెల రెండో శుక్రవారం, ఉదయం పదకొండుంబావు. కరోనా ఆంక్షలన్నీ ఎత్తేసిన మరుసటి ఏడాది. బహ్రెయిన్‌లో సెలవు శుక్ర, శనివారాలు గనుక మా ఆదివారపు ఆరాధన శుక్రవారమే జరిగేది. మనామాలోని చర్చి హాలును ఎన్నో భాషల సంఘాలు గంటల లెక్కన పంచుకుంటాయి. అందుకని మా పాస్టరు గారి ప్రసంగం ఎంత ఊపు మీద ఉన్నా పదిన్నరకు ఆగక తప్పదు. ఆ వేళ నేను వెనక వరండాలో నిలబడి టీ తాగుతున్నాను. ఒకామె వచ్చి ఎదురుగా నిలబడింది. ముప్ఫై దాటిన మనిషి. నుదుట కుంకుమ బొట్టు. ఒక చేత్తో ఏడేళ్ల ఆడపిల్లను పట్టుకుని ఉంది.

“అమ్మగారూ, మీరు టీచరు గారంట కదండీ. మా పాపకి అచ్చరం ముక్క రాదండి,” అంది. కాస్త ఆగి, “మేం మీ మతం కాదండి మరి,” అంది.

“పలక ఉందా?” అన్నాను.

“లేదండి.”

“వచ్చే శుక్రవారం నేను తెస్తాను. పిల్లను తీసుకురా.”

ముప్ఫై మూడేళ్ల నా ఉద్యోగంలో ఇంత తక్కువ మాటలతో జరిగిన అడ్మిషన్ ఇంకొకటి లేదు.

నేను లెక్కల టీచరును. గుంటూరు జిల్లాలో ఒక మిషన్ బడిలో ఆరేళ్లు, బహ్రెయిన్‌లో ఒక ఇండియన్ స్కూల్లో ఇరవై ఏడేళ్లు పని చేశాను. ఇప్పుడు టీచర్ ట్రైనింగ్ ముగించుకుని బడుల్లో చేరుతున్న మన సంఘపు పిల్లలు నన్ను అడుగుతుంటారు, విశ్వాసం క్లాసురూములో ఎలా అక్కరకొస్తుంది ఆంటీ అని. అక్కరకొచ్చిన సంగతులు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, ప్రతి కూడికలోనూ దొరుకుతారు. నేను చెప్పేది ఇంకో రకం.

నా పనిలో నా విశ్వాసం రెండు చోట్ల ఉండేది. పొద్దున స్కూలు బస్సులో కూర్చుని, ఆ రోజు నా క్లాసుల్లో వెనకబడిన పిల్లల కోసం ప్రార్థించేదాన్ని. ఒకే పేరు గలవాళ్లు సెక్షనుకు నలుగురైదుగురు ఉంటారు. కలగాపులగం కాకుండా రోల్ నంబర్ల వారీగా ప్రార్థించేదాన్ని. దేవుడి దగ్గర హాజరుపట్టీ ఉండే ఉంటుందని నా నమ్మకం. రెండోది, అబద్ధం ఆడకపోవడం. చిన్నదీ లేదు, పెద్దదీ లేదు, మర్యాద కోసం ఆడేదీ లేదు. తల్లిదండ్రుల మీటింగులో, “మావాడు బాగా చదువుతాడు కదా మేడం” అంటే, చదవడని చెప్పేదాన్ని. మా సంఘ పెద్దల్లో ఒకాయన కొడుక్కి లెక్కల్లో ముప్ఫై రెండు వచ్చాయి. పాసు ముప్ఫై మూడు. ఆయన మా ఇంటికొచ్చి కూర్చుని, “ఒక్క మార్కు, టీచరమ్మా” అన్నారు. “ఒక్క అబద్ధం, పెద్దయ్యా” అన్నాను. తరువాత రెండేళ్లు ఆయన నాతో వందనాలు అనడం తప్ప మరో మాట మాట్లాడలేదు.

అక్కడ నా ఉద్యోగానికి ఇరవై ఐదేళ్లు నిండిన వారం నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. మన కూడికలకు వెళ్లనివాళ్ల కోసం రాస్తున్నాను: దేవుడు తన బతుకులో చేసిన మేలును లేచి నిలబడి అందరి ముందూ చెప్పడాన్ని సాక్ష్యం అంటాం. నేను క్లుప్తంగానే చెప్పాను. ఇన్నేళ్లలో ఒక్క దొంగ మార్కు వేయలేదనీ, ఏ మనిషితోనూ ఒక్క అబద్ధపు మాట ఆడలేదనీ, ఆడకుండా దేవుడే కాపాడాడనీ చెప్పి కూర్చున్నాను. హాలంతా స్తోత్రం అంది. దాన్ని మా స్కూల్లోనే సైన్సు చెప్పే ఒక టీచరు ఫోన్‌లో రికార్డు చేసి గ్రూపుల్లో పంచింది.

ఆ సైన్సు టీచరు గురించి చెప్పాలి. కరీంనగర్ వైపు అమ్మాయి, నాకన్నా ఇరవై ఏళ్లు చిన్నది. పెద్ద గొంతు, పెద్ద నవ్వు. సంఘంలో స్త్రీల ప్రార్థన గొలుసు నడిపేది. ఇరవై నాలుగు గంటల్నీ గంటకొకరు చొప్పున పంచుకుని, ఎవరి ఇంట్లో వాళ్లు మోకాళ్ల మీద ఉంటారు. తెల్లవారుజామున మూడింటి గంట ఎవరూ తీసుకోకపోతే తనే తీసుకునేది. ఆ రోజు స్కూల్లో కళ్లు ఎర్రగా ఉండేవి. “మీరు దేవునితోని గూడ గ్రాఫు పేపరు మీద మాట్లాడుతరు మేడం,” అని నన్ను ఆటపట్టించేది. శుక్రవారం క్లాసు మొదలైన మూడో వారానికే వచ్చి చేరింది. నేను లెక్కలు, తెలుగు. ఆమె ఇంగ్లీషు, పాటలు.

పిల్లలు ఒకరి నుంచి తొమ్మిదిమంది అయ్యారు. అందరివీ ఇంచుమించు ఒకే కథ. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, అతని ఇల్లు వదిలేసి బయటపడ్డ పనివాళ్లను గల్ఫ్‌లో ఖల్లివల్లి అంటారు. వీసా చెల్లదు, పాస్‌పోర్టు కఫీల్ దగ్గరే ఉండిపోతుంది. అలాంటివాళ్లకు పుట్టిన పిల్లలకు పుట్టినట్టు కాగితమే ఉండదు. కాగితం లేని పిల్లను ఏ బడీ చేర్చుకోదు. పార్కింగు పక్కన, ఏసీల వేడిగాలి కొట్టే ఆ వరండాలో చాప పరిచి కూర్చోబెట్టేదాన్ని. సెలవుల్లో రాజమండ్రి నుంచి పలకలు తెచ్చాను. రాసింది తుడిచేస్తే చాలు, దారిలో ఎవరైనా ఆపినా పిల్లల చేతిలో చదువు ఆనవాలేమీ ఉండదని. ప్రార్థనతో మొదలుపెట్టేదాన్ని, కళ్లు మూసుకోవడం మాత్రం వాళ్ల ఇష్టం. ఆ పిల్లలకు బాప్తిస్మం సంగతి కూడా చెప్పాలని సైన్సు టీచరు ఒకసారి పట్టుబట్టింది. అన్నం పెట్టి మతం అడగడం నా వల్ల కాదని చెప్పాను. ఆమె అలిగింది, మరుసటి వారం బిస్కెట్లు పట్టుకుని వచ్చింది.

ఒక్క నియమం మాత్రం పెట్టాను. అబద్ధం ఆడిన పిల్ల తన పలకను తనే బోర్లా పెట్టుకుని అయిదు నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చోవాలి. కొట్టేదాన్ని కాదు, తిట్టేదాన్ని కాదు. అయినా ఆ అయిదు నిమిషాలకు వాళ్లు వణికేవాళ్లు.

మొదటి రోజు వచ్చిన పాప అందరికన్నా ముందు, నా మోకాళ్లకు తగిలేంత దగ్గరగా కూర్చునేది. సందులో ఆడుకుంటూ అరబ్బీ నేర్చుకుంది గనుక అంకెలు అరబ్బీలోనే లెక్కపెట్టి, జవాబు తెలుగులో చెప్పేది. ప్రార్థనలో ఒక కన్ను మూసి, రెండో కంటితో ఎవరు కళ్లు తెరిచారో చూసి, అయ్యాక నాకు పేర్లు అప్పజెప్పేది. “నువ్వు చూశావంటే నీ కళ్లు కూడా తెరిచే ఉన్నాయి కదా,” అంటే, “ఒక్కటే మేడం” అనేది.

తల్లిది రాజోలు పక్క ఊరు. కర్జకాన్‌లో ఒక ఇంట్లో పనికి వచ్చింది. మంచం పట్టిన పెద్దావిడకు చాకిరీ. అక్కడ ఉండగానే ఒక తాపీమేస్త్రీని గుడిలో పెళ్లి చేసుకుంది. కడుపు వచ్చాక ఆ ఇంట్లో తెలిస్తే ఏమవుతుందోనని బయటపడింది. మేస్త్రీ ఊరెళ్లి వస్తానని వెళ్లి మళ్లీ రాలేదు. పాప ఒక ఫ్లాట్‌లో, సెలవు మీద ఉన్న ఒక నర్సు చేతుల్లో పుట్టింది. అప్పటి నుంచి గంటల లెక్కన ఇళ్లలో పని. వారాంతాల్లో జల్లాఖ్ వైపు సముద్రం ఒడ్డున అద్దెకిచ్చే విడిది ఇళ్లు తుడవడానికి వెళ్లేది. శుక్రవారం మాత్రం పదకొండింటికల్లా పాపతో వచ్చేసేది. క్లాసు జరిగినంతసేపు ఊరికే కూర్చోకుండా చర్చి వంటగదిలో ఆరాధనవాళ్లు తాగిన టీ గ్లాసులు కడిగేది. వద్దన్నా వినేది కాదు.

ఆమెకు కావలసింది ఒక్కటే. తనూ, పాపా కలిసి ఊరు వెళ్లాలి. దానికి పాస్‌పోర్టు లేనివాళ్లకు ఎంబసీ ఇచ్చే ఔట్‌పాస్ కావాలి. పాపకు అది రావాలంటే, ఈ పిల్ల ఈమెకు పుట్టిందే అని తేలాలి. అలాంటి పనుల్లో సాయపడే మలయాళీ పెద్దమనిషి ఒకాయన ఎనిమిది నెలలు తిరిగాడు. ఆ నర్సును వెతికి ఆమె చేత సంతకం పెట్టించాడు. చివరికి నవంబరు మూడో వారంలో ఒక ఆదివారం తల్లీబిడ్డలు ఇద్దరూ కలిసి ఇమిగ్రేషన్ ఆఫీసుకు వచ్చి చెప్పుకోవాలని ఖాయమైంది. తనంత తానుగా వచ్చి చెప్పుకున్నవాళ్లను చూసే తీరు వేరు, పట్టుబడ్డవాళ్లను చూసే తీరు వేరు అని ఆయన పదేపదే హెచ్చరించాడు. ఆదివారం దాకా ఎవరి కంటా పడవద్దన్నాడు.

ఆ ఆదివారానికి ముందు శుక్రవారం, ఆరాధన చివర పాస్టరు గారు కళ్లు మూసుకుని, కర్జకాన్ ఇంటి నుంచి బయటికొచ్చి బిడ్డతో కష్టపడుతున్న సహోదరి కోసం, ఆదివారం ఆమె పని సఫలం కావడం కోసం ప్రార్థించారు. నేను కళ్లు తెరిచాను. బహుశా నా జన్మలో మొదటిసారి ప్రార్థన మధ్యలో.

బయటికి రాగానే సైన్సు టీచరును వరండా చివరికి పిలిచాను. పాస్టరు గారికి ఎవరు చెప్పారని అడిగాను.

“గ్రూపుల పెట్టిన మేడం. ప్రార్థన మనవి. బుధవారం.”

వినిపించమన్నాను. నిమిషం కూడా లేని వాయిస్ మెసేజ్. కర్జకాన్ ఉంది. ఎనిమిదేళ్ల కిందట అనేది ఉంది. మన టీచరమ్మ గారి శుక్రవారం క్లాసులో చదువుతున్న పాప అని ఉంది. ఆదివారం కూడా ఉంది.

“దేవుడికి అడ్రసు చెప్పాలా?” అన్నాను.

“దేవునికెందుకు మేడం, ఆయనకెర్కే. ప్రార్థన జేసేటోళ్లకు మనసు గుంజాలె గదా. ఉత్తగ ‘ఒక సహోదరి’ అంటే ఎవ్వలు మోకాళ్లూనుతరు?” అంది. అంటూనే నా ముఖం చూసి ఆగిపోయింది. ఆ మెసేజ్ ఎన్ని గ్రూపులకు వెళ్లిందో తనకు తెలియదని మెల్లగా చెప్పింది. మంచి ప్రార్థన మనవిని మన ఆడవాళ్లు ఒక్క గ్రూపులో ఉంచుకోరు.

తల్లి అప్పటికే వచ్చి వంటగదిలో ఉంది. పిల్లలు చాప మీద చేరారు. పాపకు ఇరవై నాలుగును మూడుతో భాగించమని లెక్క ఇచ్చాను. తల్లిని వెంటనే పంపించేద్దామా, క్లాసు అయ్యాక అందరితో కలిపి పంపుదామా అని నేను ఆలోచిస్తుండగా ఒకాయన వరండా మెట్లెక్కి వచ్చాడు. యాభై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా, మెడ దాకా బొత్తాలు. ఆ రోజు ఆరాధనలో చివరి వరసలో కూర్చున్నాడని అప్పుడు గుర్తొచ్చింది.

“వందనాలు అమ్మగారూ. మీరు నన్నెరగరండి. నేను మిమ్మల్ని ఎరుగుదునండి. మీ సాక్ష్యం ఫోన్లో విన్నానండి,” అన్నాడు.

అతను కర్జకాన్‌లో ఆ ఇంటి డ్రైవరు. పాప తల్లిని ఆ ఇంట్లో పనికి కుదిర్చింది అతనే, వాళ్లవి పక్కపక్క ఊళ్లు. ఆమె వెళ్లిపోయాక కఫీల్, ఆమెకు పూచీ నువ్వే కదా అని అతని పాస్‌పోర్టు బీరువాలో పెట్టేశాడు. ఎనిమిదేళ్లుగా ఊరు వెళ్లలేదు. భార్యకు గుండె ఆపరేషన్ అని రాజమండ్రి ఆసుపత్రి నుంచి కబురు వచ్చింది. ఆమెను చూపించు, కేసు మూసేస్తాను, నీ పాస్‌పోర్టు నీకిస్తానని కఫీల్ అన్నాడట. ఇదంతా అతను తల వంచుకుని, గొంతు పెంచకుండా చెప్పాడు. అబద్ధం చెబుతున్న మనిషి అలా ఉండడు. నాకు తెలుసు, నేను టీచరును.

“ఆవిడ ఈ కాంపౌండులో ఉందా లేదా, అదొక్కటే చెప్పండమ్మగారూ. నేను ఎతకనండి. లేదు అన్నారంటే ఎల్లిపోతానండి. బయట బండిలో బాబా ఉన్నారండి, పోలీసుల్ని తెచ్చుకున్నారండి. టీచరమ్మ గారు అబద్ధం ఆడని మనిషి, ఇక్కడ లేదన్నారని ఆయనకి చెప్పేస్తానండి. మీ మాట మీద తిరిగెల్లిపోతామండి.”

ఇంటి యజమానిని అక్కడ పనివాళ్లు బాబా అంటారు.

లేదు. రెండు అక్షరాలు. పక్కన సైన్సు టీచరు నా మోచెయ్యి పట్టుకుంది. ఆమె గోళ్లు దిగాయి. లేదంటే అబద్ధం. ఉందంటే ద్రోహం. ఏమీ అనకపోతే రెండూ కాదు కదా అనుకున్నాను. నీకు చెప్పాల్సిన పని నాకు లేదు, వెళ్లు అని గద్దించవచ్చని ఆ క్షణంలో తోచనే లేదు. నేను చేసిన ప్రార్థనల్లోకెల్లా పొట్టిది అప్పుడే చేశాను: ప్రభువా, ఇతను ఇంకేదైనా అడిగేలా చెయ్యి. అతను ఇంకేమీ అడగలేదు, నా ముఖం చూస్తూ నిలబడ్డాడు. నా మౌనం సున్నా అనుకున్నాను. ఏ పక్క నిలబడిందో దాన్ని బట్టి సున్నా అంకె విలువనే మార్చేస్తుందని పిల్లలకు ఏళ్ల తరబడి బోర్డు మీద రాసి చూపించినదాన్ని నేనే.

“అర్థమైందండి,” అన్నాడు. “క్షమించండమ్మగారూ.” మెట్లు దిగి గేటు వైపు నడిచాడు.

సైన్సు టీచరు వంటగదిలోకి పరుగెత్తింది. ఆ కాంపౌండుకు ఒకటే గేటు. హాల్లోకి పంపేద్దామంటే అక్కడ వేరే భాషవాళ్ల ఆరాధన నడుస్తోంది. తల్లి ఒప్పుకోలేదట. నేను దాక్కుంటే పిల్లల్ని ఒక్కొక్కర్నీ అడుగుతారండి, నేనే వెళ్తానండి అందట. చేతులు చున్నీకి తుడుచుకుంటూ బయటికి వచ్చింది. అప్పటికి డ్రైవరు వెనక ఇద్దరు పోలీసులు వరండా దాకా వచ్చారు. గేటు దగ్గర పాదాల దాకా తెల్ల తోబు వేసుకున్న ముసలాయన, ఆ కఫీలే కాబోలు, చేతికర్ర మీద ఆనుకుని నిలబడి ఉన్నాడు, లోపలికి రాలేదు. పోలీసుల్లో ఒకడు కుర్రవాడు. మర్యాదగానే మాట్లాడాడు. బిడ్డ ఉందట కదా, ఎక్కడ అని హిందీలో అడిగాడు.

“బచ్చా నహీ సాబ్. మై అకేలీ,” అంది తల్లి.

అతను డ్రైవరును చూశాడు. ఏ పిల్లో అతనికి తెలియదు, నేల చూశాడు. పోలీసు చాప మీదికి వంగి, అందరికన్నా ముందున్న పాపను అరబ్బీలో అడిగాడు, ఈమె మీ అమ్మేనా అని. పాపకు అరబ్బీ వచ్చని అతనికి తెలియదు. ఊరికే అలవాటు కొద్దీ అడిగి ఉంటాడు.

పాప తల్లి వైపు చూడలేదు. బలపం చేతిలోనే ఉంది.

“లా,” అంది. అరబ్బీలో ‘కాదు’ అని. తరువాత హిందీలో, “మమ్మీ డ్యూటీకి పోయింది” అంది.

మిగతా ఎనిమిదిమందికీ తెలుసు. ఒక్కరూ కదల్లేదు. వాళ్ల ఇళ్లలో కూడా ఇదే నేర్పి ఉంటారు. పోలీసు నిటారుగా నిలబడి నా వైపు తిరిగి, “మేడం?” అన్నాడు.

నేను మళ్లీ మాట్లాడలేదు. ఈసారి అబద్ధాన్ని కాపాడటానికి.

అరగంట కూడా తేడా లేకుండా, నా నోటి నుంచి ఒక్క అబద్ధం రాకుండా, ఒక మౌనంతో తల్లిని పట్టిచ్చాను. రెండో మౌనంతో ఆ బిడ్డకు తల్లి లేదన్న మాటను ఖాయం చేశాను.

వెళ్తూ తల్లి నా పక్కన ఒక్క క్షణం ఆగింది. “కొన్ని గ్లాసులు ఉండిపోయాయండి అమ్మగారూ, కడగలేదండి,” అంది. చాప అంచు పక్కనుంచే నడిచింది. ఆమె చున్నీ పాప భుజానికి తగిలింది. తల తిప్పలేదు. గేటు మూసుకునే దాకా తిప్పలేదు.

నేను చాప దగ్గరికి వచ్చేసరికి పాప తన పలకను బోర్లా పెట్టి చేతులు కట్టుకుని కూర్చుని ఉంది.

దాన్ని తిప్పి పెట్టాల్సింది నేను. ఏం చెప్పి తిప్పాలో తెలియక నిలబడ్డాను. సైన్సు టీచరు వచ్చి పలకా పాపా రెండింటినీ ఒడిలోకి తీసుకుంది. ఆ అమ్మాయి అలా గొంతు లేకుండా ఏడవడం నేను అదే మొదటిసారి చూడటం.

తరువాతి సంగతులు ఆఫీసు సంగతులు, తొందరగా చెప్పేస్తాను. తల్లిని అయిదు వారాలకు దేశం పంపేశారు. ఆమెకు బిడ్డ ఉంది, ఇదిగో నర్సు సంతకం అని మలయాళీ పెద్దమనిషి వెళ్లి చెబితే, తల్లే లేదంది, పిల్లే కాదంది, ఎదురుగా ఉన్న టీచరు కూడా ఔననలేదు, అలాగే రాసి ఉంది అన్నారు. ఎనిమిది నెలల పని ఆ మూడింటి కింద పడిపోయింది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టి, అక్కడా ఇక్కడా రక్తపరీక్షలు చేయించి, పాప చేతికి కాగితం వచ్చేసరికి పద్నాలుగు నెలలు పట్టింది. అంతకాలం పాప సైన్సు టీచరు ఇంట్లోనే ఉంది. ఎవరైనా తలుపు కొడితే తమ వీసాలకే ముప్పు అని భర్త భయపడుతూనే ఉంచుకున్నాడు. ఆ అమ్మాయి ప్రార్థన గొలుసు మానేసింది. నేను ఆమెను ఒక్క మాట అనలేదు. ఆమె కూడా నన్ను అనలేదు. స్టాఫ్‌రూములో మా కుర్చీలు పక్కపక్కనే ఉండేవి.

క్లాసు ఆ శుక్రవారంతోనే ఆగిపోయింది. కాంపౌండు మొత్తానికి చెడ్డపేరు వస్తుందని సంఘ పెద్దలు కూర్చుని తీర్మానించారు. ఒక్క మార్కు పెద్దయ్య మాత్రమే, నడవనివ్వండి అన్నారట. నేను ఊహించని సంగతి అది. దాన్ని తలచుకున్నప్పుడల్లా నాకు కాస్త సిగ్గేస్తుంది.

మధ్యలో నా రిటైర్మెంటు వచ్చింది. మావారు పోయి అప్పటికి ఆరేళ్లు, తొందరపడి వెళ్లాల్సిన ఇల్లు ఏదీ లేదు. స్కూలువాళ్లను అడిగి మరో ఏడాది గంటల లెక్కన పాఠాలు చెబుతూ ఉండిపోయి, పాపను నాతోనే విమానం ఎక్కించాను. అప్పటికి తల్లి ఊళ్లో లేదు. ఏజెంటు అప్పు తీరక, పాప కాగితం ఎప్పటికి వస్తుందో ఎవరూ చెప్పలేక, తొమ్మిది వారాల ముందే కువైట్ వెళ్లిపోయింది. మళ్లీ ఇంటి పనికే. పాపను రాజోలులో అమ్మమ్మకు అప్పగించాలి.

హైదరాబాద్‌లో దిగాక, కాగితాలు చూసే ఆఫీసరు తెలుగాయనే, పాపను ముద్దుగా అడిగాడు, “మీ అమ్మమ్మేనా?” అని నన్ను చూపించి. పాప నా వైపు చూసింది. “కాదండి, టీచర్ని,” అన్నాను.

సామాను కోసం నిలబడ్డప్పుడు పాప అంది, “ఇప్పుడు కూడా నిజమే చెప్పారు మేడం.”

“అవును.”

“ఆ రోజు డ్రైవర్ అంకుల్ అడిగినప్పుడు లేదు అనేసుంటే అయిపోయేది కదా.”

కోపంగా అనలేదు. ఈ లెక్కను ఇంకా తక్కువ మెట్లలో చేయొచ్చు కదా మేడం అని పిల్లలు అడుగుతారే, అలా అడిగింది. నేను జవాబు చెప్పలేదు. అది నా మూడో మౌనం. మూడు ఎందుకు నాకు గుచ్చుకుంటుందో, ప్రభువును ముమ్మారు ఎరగనన్న శిష్యుడి కథ తెలిసిన మన సంఘపు పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు.

మీరు నన్ను అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. నేను తప్పు చేశానని రాయడం లేదు. ఇప్పుడు అదే ప్రశ్న అడిగితే లేదు అనగలనా అంటే, అనగలనని రాస్తే అదీ అబద్ధమే కావచ్చు. ఇప్పటికీ పొద్దున ప్రార్థిస్తాను, రోల్ నంబర్లు లేవు గనుక ముఖాలు తలచుకుంటాను. ముందు వరస దగ్గర ఆగిపోతాను.

పోయినవి మాత్రం చెప్పగలను. శుక్రవారం క్లాసు పోయింది. తొమ్మిదిమందిలో ఏడుగురికి గుణకారం రాకుండానే చదువు ఆగింది, వాళ్లిప్పుడు ఎక్కడున్నారో నాకు తెలియదు. సైన్సు టీచరుకు మళ్లీ గొంతెత్తి ప్రార్థించడం రాలేదు. డ్రైవరుకు పాస్‌పోర్టు దొరికింది, కానీ అతను ఊరు చేరేసరికి ఆపరేషన్ అయిపోయింది. భార్య బతికింది, అతను చర్చికి వెళ్లడం మానేశాడని విన్నాను. తల్లీబిడ్డలకు పద్నాలుగు నెలలు, ఆ పైన కువైట్ ఒప్పందం రెండేళ్లు పోయాయి. పాప చేతిలో సగం చేసిన భాగహారం ఒకటి పోయింది.

నా వైపు ఏమీ పోలేదు. జీతం, పేరు, రిటైర్మెంటు రోజు కప్పిన శాలువా, అన్నీ ఉన్నాయి. నా మాట కూడా అలాగే ఉంది.